తూము కింది పొలం

మీరు అడిగిన ఒక ప్రశ్న వల్ల ఎవరి పొలమైనా బీడు పడిందా?

కోపంతో అడగడం లేదు. ప్రశ్నించడం విద్యార్థి హక్కు అనీ, ప్రశ్న వల్ల ఎవరికీ హాని కలగదనీ, ఒకవేళ కలిగితే అది జవాబు చెప్పలేనివాడి లోపమేననీ వేదికల మీద వాదించినవాణ్ణి నేను. ఆ వాదనకు చప్పట్లు కూడా అందుకున్నాను. తరువాత సింహళంలో ఒక చిన్న ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఒక ప్రశ్న అడిగాను. దాని ఫలితం ఏమైందో తెలియక ఎనిమిది నెలలు వరంగల్లులో గడిపాను. ఇప్పుడు తెలుసు కనుక రాస్తున్నాను.

మాది కొత్తవాడలో మగ్గం ఇల్లు. నాయిన, అన్న నేసేవారు. నేను చదివేవాణ్ణి. మా వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి కావడంతో ఇంటి పనులన్నిటి నుంచీ నాకు మినహాయింపు దొరికింది. కాలేజీలో పాఠాలు ఉర్దూలో, వాద పోటీలు ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ జరిగేవి. పోటీకి పది నిమిషాల ముందు చీటీ తీస్తేనే మన పక్షం ఏదో తెలిసేది. ఏ పక్షం వచ్చినా సమానమైన నమ్మకంతో మాట్లాడగలగడమే విద్య అని మాకు నేర్పారు. నేను బాగానే నేర్చుకున్నాను. చివరలో అధ్యక్షులు లేచి "సభలో ఎవరైనా ప్రశ్నించదలిచారా?" అని అడిగేవారు. అప్పుడు ఒక్కరూ లేవకపోతే సభకే చిన్నతనం. నేనున్న సభకు ఆ చిన్నతనం ఎన్నడూ రాలేదు.

ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో మా భూగోళ శాస్త్ర అధ్యాపకులు ఎనిమిది మంది విద్యార్థులను సింహళానికి తీసుకువెళ్లారు. మన జిల్లా చెరువుల వంటి ప్రాచీనమైన చెరువులు అక్కడ ఉన్నాయనీ, వాటి కింద సాగు ఎలా జరుగుతుందో చూసి పోల్చి ఒక నివేదిక రాయాలనీ ఆయన సంకల్పం. బయలుదేరడానికి ముందు మమ్మల్ని పాలంపేట చెరువుకు తీసుకువెళ్లి, కట్ట మీద నాలుగు రోజులు నడిపించి, నీరు వదిలేవాళ్లతో మాట్లాడించారు. నేను ఆ నాలుగు రోజుల్లో రెండు నోటు పుస్తకాలు నింపాను. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు దొరికింది. ప్రపంచమంతా అలాగే ఉంటుందని అనుకున్నాను.

బెజవాడ దాటితేనే పరదేశం వచ్చినట్టు భావించే మాకు మద్రాసు, అక్కడి నుంచి ధనుష్కోటి, అక్కడి నుంచి స్టీమరు అన్నీ వింతలే. సముద్రం మీద రెండు గంటలూ నేను కడ్డీ పట్టుకొని వంగే ఉన్నాను. పక్కన నా మిత్రుడు నిలబడి వీపు రాస్తూనే ఎగతాళి చేశాడు. అతడు పరకాల వైపు ముస్లిం రైతు కుటుంబంవాడు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఉర్దూ, పోటీల్లో ఎప్పుడూ నాకు ఎదుటి పక్షం.

"ఏందిరా భాయ్, సభల గంత గట్టిగ నిలబడ్తవ్. గీ పడవల నిలబడ చాతనైతలేదా?"

"పడవ ఊగుతాంది కదరా."

"సభ ఊగదనుకున్నవా? నువ్వు సూస్తలేవంతే."

అనూరాధపురం నుంచి ఒక బస్సు, తరువాత రెండెడ్ల బండి. ఊరిలో పదకొండు ఇళ్లు. ఒక చెరువు, ఒక తూము, కట్ట కింద వరి మడులు, మడుల అంచున కొబ్బరి చెట్లు, ఆ వెనుక అడవి. మా బస బడిలో. గోడలు నడుము ఎత్తు వరకే ఉన్న ఒక్క గది అది. బడి ఉపాధ్యాయుడు ఇంగ్లీషు తెలిసిన యువకుడు. కొండ ప్రాంతం నుంచి వచ్చి, నాలుగేళ్లుగా ఆ ఊళ్లో ఒంటరిగా వండుకొని తింటున్నాడు. మా మాట ఊరికీ, ఊరి మాట మాకూ అతడే చెప్పాలి.

మొదటి వారం సంతోషంగానే గడిచింది. ఉదయం కట్ట మీద కొలతలు, మధ్యాహ్నం కొబ్బరిపాల కూరతో ఎర్ర బియ్యం అన్నం, చలిజ్వరం రాకుండా సార్ దగ్గరుండి మింగించే చేదు మాత్రలు. మిత్రుడు ఇంటి నుంచి తెచ్చిన మామిడి తొక్కు జాడీ చుట్టూ ఎనిమిది మందిమీ చేరేవాళ్లం. అయిదో రోజున అతడు జాడీ మూత బిగించి ప్రకటించాడు.

"తొక్కు అయిపోతాంది. రేపటి సంది వాసన సూసి తినుండ్రి."

సార్ మాకు ఒకే ఒక నియమం పెట్టారు. ఊరివాళ్ల ముందు చూడడం, రాసుకోవడం మాత్రమే. అడగవలసినవి సాయంత్రం బడిలో ఉపాధ్యాయుణ్ణి అడగాలి. ఆ నియమం నాకు పిరికిగా తోచింది. అయినా పాటించాను.

రెండో వారంలో ఊరికి ఒక కష్టం ఉందని తెలిసింది. ఆ ఏడు వానలు చాలలేదు. చెరువులో నీరు మధ్యకు చేరి, అంచుల్లో తామరాకులు బురద మీద పరుచుకొని ఉన్నాయి. ఉన్న నీటితో కట్ట కింది భూమిలో మూడో వంతు మాత్రమే తడుస్తుంది. అలాంటి ఏడు వాళ్లకొక పద్ధతి ఉంది. దాన్ని బెత్మ అంటారు. తూముకు దగ్గరగా ఉన్న మడులను మాత్రమే తడిపి, వాటిని ఊరిలోని ఇళ్లన్నిటికీ సమానంగా పంచుతారు. ఆ ఒక్క పంటకు ఎవరి భూమి ఎవరిదో అన్న మాట ఉండదు. కోత అయ్యాక గట్లు ఎప్పటిలా ఎవరివి వాళ్లవి. ఉపాధ్యాయుడు ఇది చెప్పినప్పుడు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాసుకోండ్రి. దీని కోసమే ఇంత దూరమొచ్చినం" అన్నారు.

పంపకం నిర్ణయించే సమావేశానికి మమ్మల్ని కూడా పిలిచారు. కట్ట మీద ఒక మద్ది చెట్టు నీడలో చాపలు పరిచారు. ఇంటికొకరు వచ్చారు. నీటి పెద్ద మధ్యలో కూర్చున్నాడు. తూము తాళం ఆయన దగ్గరే ఉంటుంది, ఊరి నీటి తగవులు ఆయనే తీరుస్తాడు. తమలపాకుల పళ్లెం చేతులు మారింది. మాటలు చాలా తక్కువ. ఒకరు వాన గురించి అన్నారు, మరొకరు ఎడ్ల గురించి. భూమి గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ ఎత్తలేదు. సగం సేపు వాళ్లు నీటి వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు అది సమావేశంలా కనిపించలేదు. ప్రతిపాదన లేదు, ఖండన లేదు, ఓటు లేదు. చివరకు నీటి పెద్ద చేతులు మోకాళ్ల మీద ఆనించి, మా వైపు తిరిగి, చిరునవ్వుతో ఏదో అన్నాడు.

"అతిథులు ఏమైనా అడగదలిచారా అంటున్నారు," అని ఉపాధ్యాయుడు ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ మాట వినగానే నా కాళ్లు వాటంతటవే లేచాయి. సార్ నా చొక్కా అంచు పట్టుకోబోయారని తరువాత మిత్రుడు చెప్పాడు. నాకు తెలియలేదు.

"ఈ పంపకంలో అందరికంటే ఎక్కువ వదులుకుంటున్నది ఎవరు? దానికి ఆయనకు సమ్మతమేనా?"

ఇప్పటికీ ఆ ప్రశ్నలో నాకు దోషం కనిపించదు. పది మందికి లాభం కలిగించే న్యాయం పదకొండో మనిషి నోరు తెరవకుండా జరిగితే అది న్యాయమేనా? ఇదే విషయం మీద పోటీ పెడితే ఇప్పుడు కూడా గెలవగలను.

ఉపాధ్యాయుడు వెంటనే అనువదించలేదు. నా ముఖం చూశాడు, సార్ ముఖం చూశాడు. నీటి పెద్ద అతణ్ణి మరోసారి అడిగాడు. అతడు తల వంచుకొని చెప్పాడు.

చాపల మీద ఉన్నవాళ్లంతా ఒకే మనిషి వైపు తిరిగారు. అతడు చివర కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, భుజం మీద తువ్వాలు. తూము కింది మడుల్లో సగానికి పైగా అతడివే. అతడి భార్య చలిజ్వరంతో అనూరాధపురం దవాఖానలో ఉందని మాకు అప్పటికే తెలుసు. అతడు మెల్లగా నాలుగు మాటలు అన్నాడు. ఉపాధ్యాయుడు వాటిని మాకు చెప్పాడు.

"నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా నాన్ననూ అడగలేదు. ఇప్పుడు అడిగారు కనుక చెబుతున్నాను. నాకు సమ్మతం కాదు."

తమలపాకుల పళ్లెం ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాన్ని కింద పెట్టారు. నీటి పెద్ద కోప్పడలేదు, వాదించలేదు. లేచాడు. ఆయన లేవగానే అందరూ లేచారు. చాపలు చుట్టారు. మేము ఇంకా నిలబడే ఉన్నాం, కట్ట ఖాళీ అయిపోయింది.

బడికి తిరిగివచ్చాం. లోపలికి వచ్చాక సార్ నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. కోపంగా మాట్లాడతారని సిద్ధంగా ఉన్నాను. ఆయన అలసిపోయినట్టు మాట్లాడారు.

"ఆయన మర్యాదకు అడిగిండు. నువ్వు నిజంగనే అడిగినవ్."

"మర్యాదకు అడిగిండని నాకెట్ల తెలుస్తది సార్?"

"మనింటికి సుట్టమొస్తె ఇంకింత అన్నం పెట్టాల్నా అంటం. అప్పుడు సుట్టం మీ కుండల ఎంతున్నదో సూపియ్యుండ్రి అంటడా?"

"అడిగింది తప్పా సార్? ఆయన సమ్మతి ఎవలూ అడగలేదు గదా?"

"తప్పా ఒప్పా అని నేనడుగుతలేను బిడ్డా. ఈ కారు గీ ఊళ్లె ఇత్తనం పడ్తదా పడదా అని అడుగుతాన్న."

నీరు ఆవిరవుతున్న చెరువు అది. పది, పన్నెండు రోజుల్లో విత్తకపోతే ఆ పంట లేనట్టే. అందరూ కలిస్తేనే తూము తెరుస్తారు, ఒక్కడి కోసం తెరవరు. అంటే అతడు కలవకపోతే అతడి మడులు కూడా ఎండుతాయి. ఆ సంగతి అతడికీ తెలుసు.

మిగిలిన ఆరుగురు ఆ సాయంత్రం నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. నీళ్ల కుండ ఇటు జరుపు, దీపం తగ్గించు. మిత్రుడు ఒక్కడే దగ్గరికి వచ్చి ఒక మాట అన్నాడు. అది ఓదార్పు కాదు.

"గెలిచినవ్ రా. చీటీల ఏ పక్షం రాసుండె?"

మర్నాటి నుంచి సార్ నన్ను కొలతలకు తీసుకువెళ్లలేదు. బడిలో ఉండి లెక్కలు శుభ్రంగా తిరగరాయమన్నారు. పక్క ఊరి చెరువులకు బండి వెళ్లిపోయేది. పిల్లలు కూడా సెలవుల్లో ఉన్నారు. నాకు ఆ భాషలో పది మాటలు మాత్రమే వచ్చు. ఆ పది మాటలూ నీరు, అన్నం, చెరువు, కట్ట వంటివి. వాటితో ఎవరినీ క్షమించమని అడగలేము. మధ్యాహ్నాలు చెరువు మెట్ల దగ్గర కూర్చునేవాణ్ణి. స్నానానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి దూరపు రేవుకు నడిచేవారు. మొదట్లో అది సిగ్గు అనుకున్నాను. మొదటి వారంలో వాళ్లు ఆ రేవుకు వెళ్లేవారు కాదని తరువాత గుర్తుకొచ్చింది.

మూడో రోజున ఒక మనిషి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తూము కింది రైతు. చేతిలో రెండు కొబ్బరి చిప్పలు, వాటిలో పాలు లేని తేనీరు. తువ్వాలు కొసలో కట్టుకొచ్చిన బెల్లం ముక్కను విరిచి సగం నా అరచేతిలో పెట్టాడు. బెల్లం కొరికి తేనీరు తాగాలని సైగ చేసి చూపించాడు. తరువాత తన భాషలో చాలాసేపు మాట్లాడాడు. తన మడులను చూపాడు, దవాఖాన ఉన్న దిక్కును చూపాడు, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఆ చెయ్యి నా భుజం మీద వేశాడు.

ఆ ఊళ్లో అతడికి నేను తప్ప ఎవరూ మిగలలేదు. నా సంగతీ అంతే. నన్ను తన మనిషిగా భావించి అతడు మూడు రోజులు వరసగా తేనీరు తెచ్చాడు. తాగనని చెప్పే భాష నా దగ్గర లేదు. ఉన్నా చెప్పేవాణ్ణో లేదో. ఆ రోజుల్లో నాతో ఆప్యాయంగా కూర్చున్నది అతడొక్కడే. అతడు పక్కన కూర్చున్నప్పుడు కలిగినంత ఒంటరితనం నాకు ఎవరూ లేనప్పుడు కూడా కలగలేదు.

ఆ మరుసటి రోజున ఉపాధ్యాయుణ్ణి బతిమాలి ఆ రైతు ఇంటికి తీసుకువెళ్లమన్నాను. నేను విరిచినదాన్ని నేనే అతికించగలనని నమ్మకం. రాత్రంతా ఆలోచించి వాదన అమర్చుకున్నాను. ఒంటరిగా ఉంటే అతడి మడులకు కూడా నీరు రాదు. వానలు బాగా కురిసిన ఏళ్లలో అతడి భూమికి మొదటి తడి దక్కుతున్నది, ఆ మేలుకు ఇది బదులు. భార్య జబ్బుతో ఉన్న మనిషికి పొరుగు కావాలి. ఒక్కొక్కటి చెప్పి, ఉపాధ్యాయుడు అనువదించే వరకు ఆగి, తరువాతి దానికి వెళ్లాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అతడు శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక నవ్వాడు. ఆ నవ్వులో ద్వేషం లేదు. ఉపాధ్యాయుడు అతడి మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి దించాడు.

"మొన్న కట్ట మీద నా తరఫున అడిగావు. ఈవేళ మా వాకిట్లో వాళ్ల తరఫున చెబుతున్నావు. రెండూ బాగానే ఉన్నాయి, తమ్ముడూ. అందులో నీ మాట ఏదో చెప్పు. అది వింటాను."

నేను నోరు తెరిచాను. నిజంగా వెతికాను. పాలంపేటలో నింపిన నోటు పుస్తకాల్లో, గెలిచిన పోటీల్లో, వచ్చే దారిలో, ఎక్కడా నాదంటూ ఒక మాట తగల్లేదు. ఉపాధ్యాయుడు నా కోసం ఎదురుచూస్తున్నాడు. చివరకు రైతే లేచి లోపలికి వెళ్లి తేనీరు తెచ్చాడు.

మేము ఊరు విడిచే నాటికి తూము తెరవలేదు. బండి కదిలే ముందు ఊరివాళ్లు మర్యాదగా వచ్చి సార్‌కు దండం పెట్టారు. తూము కింది రైతు మాత్రం అందరూ వెళ్లాక వచ్చి, బెల్లం చుట్టిన ఒక ఆకు పొట్లం నా చేతిలో పెట్టాడు. బండిలోని ఆరుగురూ అడవి వైపు చూశారు. ఆ బెల్లాన్ని నేను తినలేదు, పారేయలేదు. మద్రాసు చేరేసరికి చీమలు పట్టింది.

ఇంటికి వచ్చాక అవ్వకు సముద్రం సంగతి చెప్పాను. నాయినకు చెరువు సంగతి చెప్పడానికి పది రోజులు పట్టింది. ఆ పదో రోజు తెల్లవారి మా వీధిలో పడుగు చాపారు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. నూలును వీధి పొడవునా కర్రల మీద బిగువుగా చాపి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే పెద్ద కుంచెలతో దువ్వాలి. ఒక ఇంటివాళ్ల చేతులు చాలవు. ఎవరి పడుగు చాపినా వీధి మొత్తం కుంచెలు పట్టుకొని వస్తుంది. కాలేజీలో చేరినప్పటి నుంచి నేను ఆ పని చూస్తూ పక్కన నడిచేవాణ్ణి. ఆ రోజు నాయిన పక్కనే నడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన కుంచె ఆపలేదు.

"గా చాపల మీద కూసున్నోళ్లు ఎవని భూమి ఎంతో ఎరగనోళ్లా?"

"ఎరుకనే నాయినా."

"మరి ఎరుకున్నదాన్ని నువ్వెందుకు అడిగినవ్?"

"ఆయన నోట రావాలె గదా అని."

నాయిన కొంత దూరం దువ్వాక మళ్లీ అన్నాడు. "గీ పడుగు ఎవలదో సెప్పు."

మా వీధిలో పుట్టి పెరిగి, ఆ పొద్దు ఎవరి పడుగు చాపారో నాకు తెలియదు.

"నాకెరుకే. నీ అన్నకెరుకే. అందరికెరుకే. గిప్పుడు నువ్వు నడుమ నిలబడి, ఓ పెద్దమనుషులారా గిది ఎవలది, మీకు ఇష్టమేనా అన్నవనుకో. ఒకడన్న కుంచె కింద పెడ్తడు. పెట్టెతందుకు వాని కారణం వానికుంటది. తప్పు గాదు. అయితె పడుగు ఎండుతది."

పక్కన దువ్వుతున్న పెదనాయిన నవ్వాడు. "వాన్ని ఇడిసిపెట్టు తమ్మీ. సదువుకున్నోడు. కుంచె ఎటు పట్టాల్నో గూడ మర్సిపోయిండు."

మా ఊరి పద్ధతీ ఆ ఊరి పద్ధతీ ఒకటేనని నేను అనడం లేదు. నూలు వేరు, నీరు వేరు. ఆ రైతు మాటలో న్యాయం ఉంది, దాన్ని మా నాయిన కూడా కాదనలేదు. తరతరాలుగా ఎవరూ అడగకుండా తీసుకున్నదాన్ని అతడు ఒక్కసారి కాదన్నాడు. కానీ అడిగిన నేను ఆ పంటలో గింజ తినేవాణ్ణి కాను, పస్తు ఉండేవాణ్ణీ కాను. బండి ఎక్కి వచ్చేసేవాణ్ణి. కట్ట మీద నోరు తెరిచినవాళ్లలో అలాంటి మనిషిని నేనొక్కణ్ణే. నా హక్కు గురించి వాదించిన ఏ సభలోనూ ఈ సంగతి నాకు తోచలేదు.

నివేదిక రాసేటప్పుడు ఆ రోజు సంగతి కూడా చేర్చాలని పట్టుబట్టాను. ఎనిమిది మందిలో ఏడుగురు వద్దన్నారు. బెత్మ అధ్యాయం సిద్ధమైంది. అందులో పద్ధతి ఉంది, పటం ఉంది, ప్రశంస ఉంది. ఆ ఏడు అది జరగలేదన్న మాట లేదు. సార్ కారణం సార్‌కు ఉంది.

"ఊరి పేరున్న నివేదికల ఈ ముక్క రాస్తె, రేపు అక్కడి అధికారి సదివి, ఈ పద్ధతి చెడిపోయింది, ఇగ మేమే పంచుతం అంటడు. అప్పుడు శాశ్వతంగ పోతది."

"అయితె ఊరి పేరు తీసేద్దాం సార్. నిజం ఉంచుదాం."

"పటాల మీద పేరుండాలె. పేరు లేని ఊరి మీద నివేదిక ఎవలు సదువుతరు?"

మిత్రుడు కూడా అటువైపే ఓటు వేశాడు. బయటికి వచ్చాక వరండాలో అన్నాడు: "నీ తప్పు దాస్తలేమురా. మా మూడు వారాల పని కాపాడుకుంటన్నం. ఫికర్ చెయ్యకు, ఎవ్వనికీ తెల్వదు." ఎవరికీ తెలియదన్నదే నా ఫికరు అని అతడికి చెప్పలేకపోయాను. ఏడుగురి పేర్లతో నివేదిక తయారైంది. నా పేరు నేనే తీసివేయించాను. టైపు చేయించి, గట్టి అట్టలు వేయించి, కాలేజీల గ్రంథాలయాలకు పంపారు. ఆ సంవత్సరం వాద పోటీల్లో నేను చీటీ తీయలేదు. "ఎవరైనా ప్రశ్నించదలిచారా?" అన్నప్పుడు అలవాటుగా కొందరు నా వైపు తిరిగేవారు. కొన్నాళ్లకు తిరగడం మానేశారు. మిత్రుడు వేరే బల్లకు మారాడు. పోట్లాట ఏమీ లేదు. చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు, అంతే.

ఉపాధ్యాయుడికి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటిలోనూ ఒకే సంగతి అడిగాను: విత్తనం పడిందా? చలికాలంలో జవాబు వచ్చింది. దాన్ని తెలుగులో ఇలా చెప్పవచ్చు.

ఆ వేసవి విత్తనం పడలేదు. నీటి పెద్ద తూము తెరవలేదు. ఉన్న నీరు పశువులకు, స్నానాలకు సరిపోయింది. రెండు ఇళ్లవాళ్లు కూలికి రోడ్డు పనులకు వెళ్లారు. వారిలో ఒక ఇల్లు తిరిగి రాలేదు. తూము కింది రైతు మడులు కూడా బీడుగానే ఉన్నాయి. అతడి భార్య కోలుకొని ఇంటికి వచ్చింది. పెద్ద వానలు ఈసారి బాగానే కురిశాయి. తరువాతి సమావేశానికి అతడు వచ్చి చాప చివర కూర్చున్నాడు. పళ్లెం అతడి దగ్గరికి కూడా వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. చివరి వాక్యం మాత్రం ఉన్నదున్నట్టుగా ఉపాధ్యాయుడిదే: "ఇప్పుడు ఊరిలో పది ఇళ్లు."

తిరిగి రాని ఆ ఇంటివాళ్లు ఎవరో అతడు రాయలేదు. చాపల మీద నేను చూసిన పదకొండు ముఖాలను గుర్తు తెచ్చుకొని ఆ ముఖం ఏదో పోల్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. తూము కింది రైతు ముఖం, నీటి పెద్ద ముఖం తప్ప నాకు ఏదీ గుర్తు లేదు. ఆ రోజు నేను వాళ్లను చూడలేదు. నా ప్రశ్న ఎలా వినిపిస్తున్నదో చూసుకుంటున్నాను.

ఇది జరిగి మూడేళ్లయింది. ఈ వేసవిలో, ఈ విద్యార్థి పత్రిక చదివే మీలో అనేకులు సర్వే కాగితాలతో గ్రామాలకు వెళ్లబోతున్నారని విన్నాను. ప్రశ్నలు అడగవద్దని నేను చెప్పను. అలా చెప్పే హక్కు నాకు లేదు, నమ్మకమూ లేదు. వెళ్లేముందు మీ గ్రంథాలయంలో సింహళ చెరువుల మీద వరంగల్లు విద్యార్థుల నివేదిక ఉందేమో అడగండి. ఉంటే బెత్మ అధ్యాయం తెరవండి. ఊరి పేరు లేకుండా నేను రాసిన ఈ పుటలను పత్రిక నుంచి కోసి ఆ అధ్యాయం చివర పెట్టండి. తరువాత దాన్ని చదవబోయేవాళ్లకు ఆ ఏడు ఆ చేలో విత్తనం పడలేదని తెలియనివ్వండి. మీ నివేదికలో కూడా, మీ వల్ల ఆగిపోయినది ఏదైనా ఉంటే, దాన్ని మీ చేతితోనే రాయండి.